లంబసింగి చలికి హిమాలయాల బ్రహ్మకమలం పూస్తుందా?

సందేహం: మాది చింతపల్లి మండలం. కాఫీ తోట పక్కన అరెకరం ఖాళీగా ఉంది. హిమాలయాల బ్రహ్మకమలం మొక్కలు ఇస్తామని, పూలు కూడా తామే కొంటామని ఒకాయన రోజూ ఫోన్ చేస్తున్నారు. మొక్క 300 రూపాయలట, సగం డబ్బు ముందే కట్టాలట. మా దగ్గర చలి ఎక్కువే కదా, వేయవచ్చా?
– ఒక గిరిజన రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

సమాధానం: డబ్బు కట్టకండి. ఆ మొక్క మీ పొలంలో బతకదు.

బ్రహ్మకమలం అని మనం పిలిచేవి రెండున్నాయి. ఇళ్ల ముందు కుండీల్లో ఉండి, రాత్రి పూట విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోయే తెల్లపువ్వు కాక్టస్ జాతిది. దాని సొంత చోటు మెక్సికో, ఆ చుట్టుపక్కల దేశాలు. ఆకులా కనిపించే దాని కాండం ముక్క గుచ్చినా నాటుకుంటుంది. మీకు పంపేది బహుశా ఇదే. పక్కింట్లో అడిగితే ఊరికే ఇస్తారు. ఒక్క రాత్రి ఉండే పువ్వును కోసి మార్కెట్‌కు పంపడం కుదరదు.

అసలు బ్రహ్మకమలం చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబంలోది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. కేదార్‌నాథ్, బదరీనాథ్‌లలో స్వామికి సమర్పిస్తారు. హేమకుండ్ వెళ్లే దారిలో, 4,000 మీటర్లు దాటాక, బండల సందుల్లో దాన్ని మొదటిసారి చూసి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. బయటికి కనిపించే లేత పసుపు రేకులు నిజానికి రేకులు కావు, పల్చటి కాగితంలాంటి ఆకులు. ఊదారంగు పూలు వాటి లోపల దాగి ఉంటాయి. ఆ పొర వెలుతురును లోపలికి రానిస్తుంది, చలిగాలిని, వానను ఆపుతుంది. మీరు నారు పెంచే పాలీహౌస్ పనే అది చేస్తుంది.

ఇది బహువార్షికం. శీతాకాలమంతా మంచు కింద దుంప నిద్రపోతుంది. మంచు కరిగాక చిగురించి జూలై నుంచి సెప్టెంబరు మధ్య పూస్తుంది. లంబసింగి ఎత్తు సుమారు 1,000 మీటర్లు. పైకి వెళ్లే ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది. తేడా ఎంతో మీరే లెక్క వేసుకోండి. డిసెంబరు తెల్లవారుజామున మీకు సున్నా దగ్గరికి పడిపోయినా మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ దుంపకు కావలసినది నెలల తరబడి చలి. నిజంగానే ఎవరైనా ఆ మొక్కలు తెచ్చినా, అవి కొండమీద పెకలించినవే అయి ఉండవచ్చు. పూజలకు, మందులకు కోసి కోసి అక్కడే అది తగ్గిపోతోంది. దానికి మన డబ్బు తోడు కావద్దు.

అదే కుటుంబంలో మీ కొండకు సరిపోయిన నూనెగింజ పంట మీ దగ్గరే ఉంది: వలిసెలు. అరకు నుంచి మీ దాకా పసుపు పరచినట్టు పూసే పంటే. ఆగస్టులో విత్తండి. గింజ సన్నం కాబట్టి ఇసుకతో కలిపి చల్లితే సమంగా పడుతుంది. ముందుగా గింజను జల్లెడ పట్టండి. బంగారు తీగ గింజలు కలిస్తే ఆ తీగ పంటను పీల్చేస్తుంది. పొలంలో తీగ కనపడితే పూత రాకముందే మొక్కతో సహా పీకి కాల్చేయండి. వలిసె పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టదు, తేనెటీగలు రావాలి. ఎకరానికి రెండు పెట్టెలు పెట్టుకుంటే గింజా పెరుగుతుంది, తేనె కూడా వస్తుంది. పూత మీద పురుగు మందు కొట్టకండి.

నీటి వసతి ఉంటే పది సెంట్లలో చామంతి పెట్టి చూడండి. జూన్, జూలైల్లో పిలకలు నాటి, నాలుగు వారాలకు తలలు తుంచితే కొమ్మలు బాగా వస్తాయి. మీ మంచుకు ఆకుమచ్చ రావచ్చు. లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలిపి పిచికారీ చేయండి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, ఎత్తు మడులు కట్టండి.

వలిసె విత్తనం గురించి చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగండి. ఫోన్ చేసే ఆయన మళ్లీ అడిగితే, పూలు పూస్తున్న తోట ఎక్కడుందో చూపించమనండి.