పారలు అమ్మి కోటీశ్వరుడైన శామ్యూల్ బ్రానన్ చివరికి ఏమయ్యాడు?

"బంగారం తవ్వినవాళ్ల కన్నా వాళ్లకు పారలు అమ్మినవాడే బాగుపడ్డాడు" అని వ్యాపార ప్రసంగాల్లో చెబుతుంటారు కదా, ఆ మనిషి జీవితం ఎలా గడిచిందని అడిగారు. ఆయన పేరు శామ్యూల్ బ్రానన్. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయన పేరు పెట్టిన బ్రానన్ వీధిలోనే నేను ఆరేళ్లు ఉద్యోగం చేశాను. ఆ పేరు ఎవరిదో మాత్రం మా అమ్మాయి నాలుగో తరగతికి వచ్చాకే తెలిసింది. కాలిఫోర్నియాలో ఆ తరగతి పిల్లలకు రాష్ట్ర చరిత్ర పాఠం ఉంటుంది. దాని కోసమే శాక్రమెంటోలోని సట్టర్ కోటకు వెళ్లాం.

కోట అనగానే గోల్కొండను ఊహించుకోకండి. నగరం మధ్యలో తెల్లసున్నం వేసిన మట్టి ఇటుకల గోడలు, లోపల ఒక పెద్ద మేడ, అంతే. ఆ కోట దగ్గరే బ్రానన్ దుకాణం ఉండేది. 1846లో రెండు వందల మందికి పైగా మోర్మన్ మతస్థులను (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లను) ఓడలో వెంటబెట్టుకుని, న్యూయార్క్ నుంచి దక్షిణ అమెరికా కొసను చుట్టి, ఆరు నెలల ప్రయాణం చేసి ఆయన కాలిఫోర్నియాకు వచ్చాడు. మరుసటి ఏడాది జనవరిలో ‘కాలిఫోర్నియా స్టార్’ పత్రిక మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 27.

1848 జనవరిలో అమెరికన్ నది అనే నది ఒడ్డున ఉన్న కొలోమాలో, ఆ కోట యజమాని సట్టర్ కట్టిస్తున్న రంపపు మిల్లు దగ్గర బంగారం కనిపించింది. కొన్నాళ్లకు బ్రానన్ దుకాణానికి వచ్చేవాళ్లు సరుకులకు బంగారు రజనుతో చెల్లించడం మొదలుపెట్టారు. ఆయన తొందరపడలేదు. ముందు దుకాణం నిండా సరుకు చేర్చుకుని, మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో రజను నింపిన సీసా ఊపుతూ "బంగారం! అమెరికన్ నదిలో బంగారం!" అని కేకలు వేశాడు. ఊరు ఖాళీ అయింది. సొంత పత్రికలో పనిచేసేవాళ్లు కూడా గనుల బాట పట్టడంతో జూన్‌లో ‘స్టార్’ ఆగిపోయింది. పారల కథ చెప్పేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

ఇరవై సెంట్ల రేకు పళ్లెం పదిహేను డాలర్లకు అమ్మాడని అంటారు. కానీ ఆయన్ను గెలిపించింది దుకాణం ఉన్న చోటు అని నా నమ్మకం. నది మీదుగా వచ్చి కొండల్లోకి వెళ్లేవాళ్లకు దారిలో తగిలే అంగడి అది.

రాజకీయాల్లో ఆయన నడత నాకు నచ్చదు. 1851లో శాన్ ఫ్రాన్సిస్కో నిఘా సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. కోర్టులతో పని లేకుండా మనుషులను ఉరితీసిన సంఘం అది. అయినా 1853లో రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యాడు.

తర్వాత నాపా లోయ ఎగువన, వేడినీటి బుగ్గల దగ్గర కాలిస్టోగా అనే విహార కేంద్రాన్ని కట్టించాడు. అక్కడి మ్యూజియంలో ఆనాటి కాలిస్టోగా నమూనాను అచ్చం బొమ్మల కొలువులా పేర్చారు. మా అమ్మాయి అద్దానికి ముక్కు ఆనించి అందులోని కుటీరాలను లెక్కపెట్టింది.

1870లో విడాకులు. భార్య వాటాగా సగం ఆస్తిని నగదుగా ఇవ్వాల్సి వచ్చింది. ఆయన ఆస్తంతా భూముల్లో ఉంది. అయినకాడికి అమ్ముకున్నాడు. ఎకరాలు ఉండి చేతిలో రూపాయి లేని ఇబ్బంది మనవాళ్లకు చెప్పక్కర్లేదు. దానికి తోడు తాగుడు. 1889లో దక్షిణ కాలిఫోర్నియాలోని ఎస్కాండిడోలో పేదవాడిగా కన్నుమూశాడు.

ఆయన సమాధి శాన్ డియాగోలోని మౌంట్ హోప్ శ్మశానంలో ఉంది. వచ్చే వేసవిలో అమ్మాయిని తీసుకుని వెళ్లాలనుకుంటున్నాను.