తాగేది భర్త అయితే కౌన్సెలర్ భార్యను ఎందుకు ప్రశ్నిస్తారు?

"తాగేది మా ఆయన. అనంతపురంలో డీఅడిక్షన్ కేంద్రానికి తీసుకెళితే కౌన్సెలర్ గంటసేపు నన్నే అడిగారు. తప్పు నాదా?" అని మీ ప్రశ్న.

కాదండీ. కౌన్సెలర్ చూస్తున్నది కోడిపెండెన్సీని, అంటే తాగే మనిషిని కాపాడుకోవడమే మీ బతుకైపోయిందా అన్నదాన్ని. ఇది జబ్బు కాదు, మానసిక జబ్బుల్ని వర్గీకరించే అమెరికా వైద్యుల పుస్తకం డీఎస్ఎం-5లో దీనికి చోటు లేదు. కొందరు 16 వాక్యాల స్పాన్-ఫిషర్ ప్రశ్నావళి ఇస్తారు. మార్కులు 16 నుంచి 96 దాకా ఉంటాయి, ఎక్కువ వస్తే కోడిపెండెన్సీ ఎక్కువని అర్థం. నన్నడిగితే మార్కులకన్నా మాటల్లోనే అసలు సంగతి బయటపడుతుంది. సోమవారం ఆయన లేవకపోతే "జ్వరం వచ్చిందండీ" అని యజమానికి ఫోను చేసింది ఎవరు? వేరుశనగ అమ్మిన డబ్బుతో ఆయన తాగుడు అప్పు తీర్చింది ఎవరు? ఆయన ఇల్లు చేరేదాకా మీరు అన్నం ముట్టారా?

అయితే ఈ ప్రశ్నావళి అమెరికాలో పుట్టింది. కొడతాడన్న భయంతోనో, చేతిలో పైసా లేకో సర్దుకుపోయే భార్యకూ మార్కులు ఎక్కువే రావచ్చు. అందుకే మిమ్మల్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. అత్తగారు పక్కనుంటే "అంతా బాగానే ఉంది" అన్న జవాబే వస్తుంది. ఆయన చేయి చేసుకుంటుంటే మాత్రం దాచకండి, అప్పుడు ముందు చూడాల్సింది మీ భద్రతే.