కట్టేసిన పడవ మునిగితే బీమా రాదా?

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర ఊరు. తెరచాప, చిన్న ఇంజను ఉన్న ఫైబర్ పడవ ఉంది. వేట నిషేధం రోజుల్లో దాన్ని ఉప్పుటేరులో కట్టేసి, చూసుకోమని ఒకతన్ని పెట్టి ఊరెళ్లాను. అతను పెళ్లికని మూడు రోజులు వెళ్లిపోయాడు. ఆ మధ్యలో పెద్ద వాన పడి పడవ మునిగింది. ‘మీ నిర్లక్ష్యమే కారణం’ అంటూ బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించింది. నాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా ఇంజను పడవలు ఒడ్డునే ఉంటాయి. అన్ని రోజులూ యజమాని పడవలోనే కూర్చోవాలని ఏ చట్టమూ చెప్పదు. కాపలా మనిషి తప్పనిసరి అని మీ పాలసీలో ప్రత్యేక షరతు ఉంటే మాత్రం లెక్క మారుతుంది. అందుకని ముందు పాలసీ కాగితాలన్నీ, వెనక పేజీల్లోని చిన్న అక్షరాలతో సహా చదివించుకోండి.

1963 నాటి సముద్ర బీమా చట్టం సెక్షన్ 55 మీకు అండ. బీమా వర్తించే ప్రమాదం వల్ల నష్టం జరిగితే, అందులో సరంగు (పడవ నడిపే పెద్ద), సిబ్బంది అజాగ్రత్త ఉన్నా, పాలసీలో వేరేగా రాసి ఉంటే తప్ప కంపెనీ చెల్లించాలి. యజమాని కావాలని చేసిన తప్పుకు, మామూలు అరుగుదలకు, మామూలుగా ఊరే నీటికి మాత్రం చెల్లించనక్కర్లేదు. కాపలా మనిషి సిబ్బంది కిందికి వస్తాడా అని వాళ్లు అడ్డు తగలవచ్చు. వస్తాడనే వాదించాలి. చాలా పాలసీల్లో ‘యజమాని తగిన శ్రద్ధ చూపాలి’ అనే మాట కూడా ఉంటుంది. కాబట్టి మీరు మనిషిని పెట్టారన్న రుజువు ముఖ్యం. అతనికి ఫోన్‌పేలో పంపిన డబ్బు, మాట్లాడిన కాల్ రికార్డు జాగ్రత్త చేయండి.

అసలు తగాదా నీళ్లు ఎలా వచ్చాయన్న దగ్గరే తేలుతుంది. వాన నీరు చేరినకొద్దీ పడవ వెనక భాగం దిగుతుంది, ఇంజను బరువు ఎలాగూ అక్కడే. డెక్కు మీది నీరు బయటికి పోవడానికి పెట్టిన రంధ్రాలు ఏటి మట్టానికి వచ్చాయంటే, వాటిలోంచే నీరు లోపలికి రావడం మొదలవుతుంది. ఇంకో విధం కూడా ఉంది. పాటుకు, అంటే నీరు తీసినప్పుడు, దిగిన పడవ అంచు జెట్టీ దూలం కిందికి జారి, పోటు వచ్చినప్పుడు లేవలేక అక్కడే నీరు నిండుతుంది. తాడు కట్టిన తీరులో తేడా ఉంటే ఇది జరుగుతుంది. పక్క పడవ గుద్దిందా, పాత పగులు ఉందా అన్నవీ చూడాలి. అసాధారణమైన వానను, పక్క పడవ గుద్దడాన్ని బీమా వర్తించే ప్రమాదాలేనని వాదించవచ్చు. మీకు తెలిసీ వదిలేసిన పగులైతే కేసు బలహీనపడుతుంది.

నష్టం అంచనాకు వచ్చిన సర్వేయరు ఇవన్నీ చూశాడా, లేక ‘నిర్లక్ష్యం’ అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడా? రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. సర్వేయరు చెప్పిందే తుది మాట కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ మూడు రోజుల వర్షపాతం లెక్క వాతావరణ శాఖ నుంచి తెచ్చుకోండి. తెగిన తాడు, ఊడిన బిరడా, పగిలిన ముక్క ఏదున్నా పారేయొద్దు.

చాలామంది తడబడేది పడవను పైకి తీసే విషయంలో. సాక్ష్యం చెడుతుందని ముట్టుకోకుండా వదిలేస్తారు. అది పొరపాటు. నష్టం పెరగకుండా తగిన చర్యలు తీసుకోవడం సెక్షన్ 78 ప్రకారం మీ బాధ్యత. కంపెనీకి మెయిలో వాట్సాపో పంపి, నాలుగు వైపుల నుంచీ వీడియో తీసి, వెంటనే పైకి తీయించాలి. ఉప్పునీరు తాగిన ఇంజనుకు గాలి తగిలితే తుప్పు త్వరగా పడుతుంది. మంచినీళ్లతో కడిగించి, ప్లగ్గులు తీయించి, నీరు వెళ్లగొట్టించి, ఆయిల్ పట్టించాలి. మీరు ఇప్పటికే ఇవి చేసి ఉంటే ఆ బిల్లులు కూడా క్లెయిములో చేర్చండి.

ఇక దారులు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ దాని పరిధిలోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, గడువు ఏడాది. లేదా కాకినాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. మీరున్న చోటే వేసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. గడువు రెండేళ్లు. కమిషన్‌లో కేసు నడుస్తుండగా అదే విషయం మీద అంబుడ్స్‌మన్‌కు వెళ్లడం కుదరదు కాబట్టి ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లమని నా సలహా.

‘ఇది వ్యాపారం, మీరు వినియోగదారుడు కారు’ అని కంపెనీ అనవచ్చు. టెన్షన్ పడకండి. నష్టపరిహారం కోసం తీసుకునే బీమాను వ్యాపార లాభం కోసం తీసుకున్నట్టు చూడకూడదని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిరస్కరణ ఉత్తరంలో లేని కొత్త కారణాన్ని కమిషన్‌లో లేవనెత్తకూడదని 2016లో గలడా పవర్ కేసులో చెప్పింది. ఆ ఉత్తరాన్ని కవరుతో సహా భద్రపరచండి. కవరు మీది పోస్టాఫీసు ముద్రలోని తేదీ గడువు లెక్కకు పనికొస్తుంది.