ఇప్పుడు పంపకపోతే మావాడు వెనకపడిపోతాడా సార్?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు రాశారు. అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ ఫైనల్ ఇయర్, క్యాంపస్‌లో హైదరాబాద్ కంపెనీ ఒకటి నాలుగున్నర లక్షల ఆఫర్ ఇచ్చింది, ఇంకోపక్క టెక్సస్‌లో ఒక యూనివర్సిటీ నుంచి డేటా సైన్స్ ఎంఎస్‌కి అడ్మిషన్ వచ్చింది. ఖర్చు 45 లక్షలు, ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకోవాలి. "లేఆఫ్స్ అంటున్నారు, అక్కడ ఎకానమీ బాలేదంటున్నారు, కానీ మా తోడల్లుడి కొడుకు డల్లాస్‌లో ఇల్లు కొన్నాడు. అమెరికానా, జర్మనీనా, ఇక్కడి జాబా, మూడూ పోల్చి చెప్పండి. ఇప్పుడు పంపకపోతే మావాడు వెనకపడిపోతాడేమో" అని అడిగారు.

పోలుస్తాను సార్, కాస్త ఆగండి. ఈ ప్రశ్న ఏటా అడ్మిషన్ల సీజన్‌లో నాకు వస్తూనే ఉంటుంది, ఊరు మారుతుంది, తోడల్లుడి బదులు బావమరిది ఉంటాడు అంతే. రేపు వాడు ఎదురొచ్చి "నాన్నా, నువ్వు పంపి ఉంటే నేనూ అలా ఉండేవాణ్ణి" అంటే ఏం చెప్పాలా అని కదా మీ అసలు బెంగ? దాని దగ్గరికి వస్తాను.

ముందు అమెరికా సంగతి. అక్కడ నిరుద్యోగం కరోనా దెబ్బకి 2020 ఏప్రిల్‌లో 14.8 శాతానికి వెళ్ళింది, 2023లో 3.4కి దిగింది, 2025 చివరికి నాలుగున్నర దగ్గర ఉంది. ఆ నెంబర్ చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, ఆల్రెడీ సెటిల్ అయిన వాళ్ళలో చాలామందికి నిజంగానే ఏమీ కాలేదు. దెబ్బంతా కొత్తగా వెతుక్కునే పిల్లలకి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ 2025లో ఇచ్చిన లెక్కల్లో, కొత్తగా డిగ్రీ అయిన వాళ్ళలో కంప్యూటర్ సైన్స్ చదివినోళ్ళకి నిరుద్యోగం 6.1 శాతం, కంప్యూటర్ ఇంజినీరింగ్ అయితే 7.5. వాళ్ళలో ఎక్కువమంది ఆ దేశపు పిల్లలే, వీసా గొడవ కూడా లేనివాళ్ళు.

మరి కంపెనీలు నష్టాల్లో ఉన్నాయా అంటే అదీ లేదు. మైక్రోసాఫ్ట్ 2025 జులై మొదట్లో దాదాపు 9,000 మందిని తీసేస్తున్నాం అని చెప్పింది, అదే నెలాఖరుకి కంపెనీ విలువ 4 లక్షల కోట్ల డాలర్లు తాకింది. అమెజాన్ అక్టోబర్‌లో 14,000 ఆఫీసు ఉద్యోగాలు కోసింది, అంతకుముందు మూడు నెలల్లో దాని లాభం 2,100 కోట్ల డాలర్ల పైమాటే. ఆ డబ్బు ఏఐ డేటా సెంటర్లకి, చిప్‌లకి పోతోంది. మీ మిర్చి యార్డులో రేటు ఎగిరిన రోజు, సరుకు ముందే అమ్మేసుకున్న రైతుకి ఎంత దక్కుతుందో, షేర్ రేటు పెరిగితే ఉద్యోగం వెతికే పిల్లాడికి అంతే దక్కుతుంది.

"అంత పెద్ద కంపెనీలు, గవర్నమెంట్‌తో మాట్లాడుకుని మనవాళ్ళ వీసాలు చూసుకోవా" అని కూడా రాశారు. మాట్లాడుకుంటాయి సార్, వాటికి కావాల్సింది మాట్లాడుకుంటాయి. ఎన్నికల ప్రచారం మీద కంపెనీలు సొంతంగా పెట్టే ఖర్చుకి లిమిట్ పెట్టకూడదని అక్కడి సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, 2017లో చేసిన చట్టంతో కార్పొరేట్ ట్యాక్స్ 35 శాతం నుంచి 21కి దిగింది. 2025 జనవరిలో ట్రంప్ ప్రమాణస్వీకారంలో ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్, అమెజాన్ బెజోస్, గూగుల్ పిచాయ్ ఆయన వెనకే కూర్చున్నారు, సెప్టెంబర్‌కి కొత్త హెచ్‌1బీ (అక్కడ ఉద్యోగానికి కంపెనీ పెట్టే వర్క్ వీసా) పిటిషన్ మీద లక్ష డాలర్ల ఫీజు వచ్చి పడింది. అక్కడే చదువుకుని వీసా స్టేటస్ మార్చుకునే వాళ్ళకి అది లేదని తర్వాత క్లారిటీ ఇచ్చారు, కాబట్టి దానికి మరీ భయపడకండి. భయపడాల్సింది లాటరీకి. అడిగేవాళ్ళు చాలా ఎక్కువ, ఏడాదికి ఇచ్చేవి 85,000 వీసాలే, అందుకే లాటరీ తీస్తారు, ఇప్పుడు అందులో కూడా జీతం లెవెల్ ఎక్కువ ఉన్నవాళ్ళకి ఎక్కువ ఛాన్స్ ఉండేలా మార్చారు, ఫ్రెషర్ ఎక్కడ ఉంటాడో మీకే అర్థమవుతుంది.

డేటా సైన్స్ ఎంఎస్ మీద నా అనుమానాలు నాకున్నాయి, ఊరికే ఉండలేను. చాలా యూనివర్సిటీలకి ఇది విదేశీ పిల్లల ఫీజులతో నడిచే కోర్సు. కొంచెం స్టాటిస్టిక్స్, కొంచెం పైథాన్, చివర్లో ఒక ప్రాజెక్టు, ఇంటర్వ్యూకి వెళ్తే "ఏ కంపెనీలో ఎన్నేళ్ళు చేశావ్" అని అడుగుతారు. ఫ్రెషర్‌కి ఇచ్చే చిన్న పనులు ఇప్పుడు ఏఐతో చేయించుకుంటున్నారు. బయటికొచ్చాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే జాబ్ చేసుకోనిచ్చే ఏడాది, మొదలవుతుంది, ఆ ఏడాదిలో జాబ్ లేని రోజులన్నీ కలిపి 90 దాటకూడదు, దాటితే స్టేటస్‌కే ముప్పు. ఎనభయ్యో రోజు వచ్చేసరికి పిల్లాడు ఏం చేస్తాడు? ఎవడో కన్సల్టెన్సీవాడు ఫోన్ చేసి "ఆఫర్ లెటర్ ఇస్తా, జీతం తర్వాత చూద్దాం, రెజ్యూమెలో ఐదేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ పెట్టుకో" అంటాడు. ఇంట్లో ఈఎంఐ గుర్తొచ్చి పిల్లాడు సరే అంటాడు. 2019లో ఫార్మింగ్టన్ కేసు గుర్తుందా, అక్కడి అధికారులే ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి స్టూడెంట్లని పట్టుకున్నారు, అందులో మన తెలుగు పిల్లలే చాలామంది.

ఈఎంఐ అన్నాను కదా, లెక్క వేసుకున్నారా సార్? 45 లక్షలు, పదకొండున్నర శాతం వడ్డీ, పదేళ్ళు అంటే నెలకి 63 వేల పైన. చదివేటప్పుడు పడే వడ్డీ దానికి ఎక్స్‌ట్రా. జాబ్ వస్తే అది లెక్కలోది కాదు, రాకపోతే ఖమ్మంలో మీ జీతంలోంచి కట్టాలి. కోపం తెచ్చుకోకండి గానీ, మీరు తోడల్లుడి కొడుకు ఇంటి గురించి ఐదు లైన్లు రాశారు, ఎన్ని బెడ్‌రూములో కూడా రాశారు, మీవాడికి ఏ సబ్జెక్ట్ ఇష్టమో ఒక్క ముక్క లేదు. ఆ అబ్బాయి జాబ్‌లో చేరింది 2021లో అని మీరే రాశారు, అప్పుడు కంపెనీలు ఎగబడి తీసుకున్నాయి. ఆ టైమ్ మీవాడికి మీరు కొనిపెట్టలేరు కదా.

జర్మనీ అడిగారు. గవర్నమెంట్ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు, బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే ఖర్చుల డబ్బు వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకునే అకౌంట్) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, చదువయ్యాక జాబ్ వెతుక్కోడానికి 18 నెలలు ఇస్తారు. అప్పు బాగా తగ్గుతుంది. కాకపోతే 2023, 2024 రెండేళ్ళూ వాళ్ళ ఎకానమీ కూడా కుంచించుకుపోయింది, భాష రాకపోతే జాబ్ కష్టం, కాబట్టి జర్మన్ ఇక్కడే మొదలుపెట్టాలి. అదీ పోలిక.

ఇక వెనకపడటం. వాడికి ఇరవై ఒకటో, ఇరవై రెండో ఉంటాయి. ఇక్కడ ఏడాదో, రెండేళ్ళో చేసి ఆ తర్వాత ఎంఎస్‌కి వెళ్తే రెజ్యూమెలో నిజమైన ఎక్స్‌పీరియెన్స్ ఉంటుంది, చేతిలో కొంత డబ్బు ఉంటుంది, ఏ కోర్సు కావాలో వాడికే తెలుస్తుంది. నాలుగున్నర లక్షలు చిన్నదనిపిస్తోంది మీకు, పని నేర్చుకునే పిల్లాడికి అది మొదటి జీతం మాత్రమే. అప్పటికీ వెళ్ళాలంటే వెళ్ళనివ్వండి, ఆపమని నేను అనట్లేదు. మీరు చెడ్డ తండ్రి కూడా అయిపోరు, ఇల్లు కాపాడినందుకు ఏ కొడుకూ నిలదీయడు, నిలదీసినా నాలుగు రోజులే.

ఈ వారం చేయాల్సింది ఒకటే. అడ్మిషన్‌ని ఏడాది డిఫర్ చేస్తారా, అంటే వాయిదా వేస్తారా అని వాడి చేతే యూనివర్సిటీకి మెయిల్ పెట్టించండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు. డిపాజిట్ కట్టేసి ఉంటే అది నిలబడుతుందా, పోతుందా అని కూడా అదే మెయిల్‌లో అడగమనండి. జవాబు వచ్చేదాకా బ్యాంకులో ఇంటి కాగితాలు ఇవ్వకండి.