మగపిల్లికి ఆపరేషన్ ఆలస్యం చేయకండి

మీ ఏడాది మగపిల్లి కర్టెన్ల మీద ఉచ్చ చిమ్ముతోందని, రాత్రిళ్ళు బయటికి పోయి గాయాలతో వస్తోందని, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అంటే మీ అమ్మగారు పాపం అంటున్నారని రాశారు. ధైర్యంగా చేయించండి అండీ.

మా వాడూ అంతే. ఒక తెల్లవారుజామున చెవి చిరిగి, బుగ్గ మీద చీముగడ్డతో గుమ్మంలో కూర్చున్నాడు. అలా కొట్టుకు చావనివ్వడమే పాపం అనిపించింది. పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ అనే వైరస్ ఎక్కువగా కాట్ల ద్వారానే అంటుకుంటుంది, పూర్తిగా నయం చేసే మందు లేదు.

మగపిల్లికి ఇది చిన్న ఆపరేషనే. మత్తిచ్చి వృషణాలు తీసేస్తారు, మామూలుగా పొట్ట కోయరు. చాలావరకు అదే రోజు ఇంటికి తెచ్చుకోవచ్చు. హార్మోన్ ప్రభావం పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా ఆడ పిల్లుల దగ్గరికి పోనివ్వకండి. చాలా పిల్లుల్లో చిమ్మడం ఆగుతుంది లేదా బాగా తగ్గుతుంది. కర్టెన్లు ఎంజైమ్ క్లీనర్‌తో ఉతకండి, వాసన మిగిలితే మళ్ళీ అక్కడే చిమ్ముతుంది. తర్వాత ఆకలి పెరుగుతుంది, తిండి కొలిచి పెట్టండి.

ముఖ్యంగా ఒక్క మాట: ఎప్పుడైనా ముక్కుతూ కూర్చుని చుక్క ఉచ్చ కూడా రాకపోతే మూత్రం అడ్డుపడి ఉండవచ్చు. అది ప్రాణాపాయం, వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.