పరిహాసమా, అపహాస్యమా, దూషణా?

సందేహం: నా మిత్రుల్లో కొందరు నాస్తికులు. కలిసినప్పుడల్లా దేవుడి మీద, స్వర్గనరకాల మీద జోకులు వేసుకొని నవ్వుకుంటారు. వాళ్ళ గురించి ఒక వ్యాసం రాసి దానికి 'నాస్తికుల పరిహాసాలు' అని పేరు పెట్టాను. సంపాదకుడు దాన్ని 'అపహాస్యాలు' అని దిద్దారు. చదివిన పెద్దాయన ఒకరు 'రెండూ కాదు, అది దైవదూషణ' అన్నారు. మూడింటిలో ఏది సరైనది? ఇంకో చిన్న సందేహం. నాస్తికుడు మాటవరసకు 'దేవుడి దయవల్ల' అంటే అది భాషాదోషమా?

సమాధానం: మీరు అడిగిన మూడు మాటల కన్నా ముందు మీరు రాసిన వాక్యాన్ని చూడాలి. 'జోకులు వేస్తారు' అనలేదు, 'వేసుకొని' అన్నారు. 'నవ్వుతారు' అనలేదు, 'నవ్వుకుంటారు' అన్నారు. వంట చేయడం వేరు, వంట చేసుకోవడం వేరు. క్రియకు 'కొను' చేరితే ఆ పని ఫలం చేసినవాళ్ళ దగ్గరే నిలుస్తుంది. మాట్లాడుకున్నారు, చెప్పుకున్నారు, తిట్టుకున్నారు అన్నప్పుడు ఆ పని వాళ్ళలో వాళ్ళు చేసుకున్నదే అవుతుంది. మీ మిత్రుల నవ్వు ఎవరి ముఖం మీదా విసిరినది కాదని మీ చేత మీ భాషే చెప్పించింది. సంపాదకుడు శీర్షికను దిద్దారు కాని ఈ 'కొను'ను చూసుకోలేదు.

ఇక ఉపసర్గల సంగతి. 'పరి' మంచిదనీ 'అప' చెడ్డదనీ ఒక లెక్క చాలామంది మనసులో ఉంటుంది. అంత తేలిక కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు నవ్వును ఆరు రకాలు చేశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. అక్కడ అపహసితం అంటే ఎదుటివాణ్ణి కించపరిచే నవ్వు కాదు. తగని చోట, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, భుజాలూ తలా అదిరేటట్టు నవ్వే నవ్వు. అది నవ్వు కొలతే కాని నవ్వేవాడి దురుద్దేశం కాదు. నవ్వడమనే అర్థం గల అదే 'హస్' ధాతువు నుంచి వచ్చిన అపహాస్యం తెలుగులో మాత్రం కించపరచడమనే అర్థంలో స్థిరపడింది. ఇప్పుడు ఆ మాట రాస్తే పాఠకుడికి తోచేది ఆ అర్థమే.

పరిహాసానికి వేరే గుణం ఉంది. శాకుంతలం రెండో అంకంలో దుష్యంతుడు శకుంతల గురించి విదూషకుడికి చెప్పినదంతా చెప్పి, చివరికి 'పరిహాసవిజల్పితం' అంటాడు. అంటే నవ్వులాటకు అన్న మాట, నిజమని పట్టుకోవద్దని. 'పరిహాసానికి అన్నానండీ' అని మనం నొచ్చుకున్నవాళ్ళను సముదాయించేదీ ఈ అర్థంలోనే. పరిహాసం ఆడినవాడు తన మాటను వెనక్కి తీసుకోగలడు. ఇది గుర్తుంచుకోండి, ముందు అవసరమవుతుంది.

అసలు కీలకం నామవాచకంలో కన్నా దాని పక్కన చేరే క్రియలో ఉందని నా నమ్మకం. హాస్యమాడు, పరిహాసమాడు, సరసమాడు, మేలమాడు: వీటన్నిటికీ 'ఆడు' చేరింది. అపహాస్యం చేయు, ఎగతాళి చేయు, హేళన చేయు, గేలి చేయు, ఎద్దేవా చేయు: వీటికి 'చేయు' చేరింది. మొదటి గుంపు మొత్తం మీద 'తో' విభక్తిని కోరుతుంది, రెండోది 'ను' విభక్తిని. బావతో పరిహాసమాడింది అంటే బావ కూడా ఆ ఆటలో ఉన్నాడు. బావను ఎగతాళి చేసింది అంటే ఆట లేదు, బావ ఒక్కడే ఉన్నాడు దెబ్బ తినడానికి. అంతెందుకు, పరిహాసాన్నే తీసుకోండి. 'అతనితో పరిహాసమాడారు' అనే వాక్యాన్ని 'అతన్ని పరిహాసం చేశారు' అని మార్చండి. నామం అదే, ఉపసర్గ అదే. క్రియ, విభక్తి రెండూ మారగానే స్నేహం పోయి చిన్నచూపు వచ్చింది. 'నన్ను పరిహాసమాడతావా?' అనే వాడుకా ఉంది, కాదనను. కాని అందులో కోపం ఉంది చూశారా? ఆ కోపాన్ని తెచ్చింది 'ను'.

కాబట్టి నాస్తికుల హాస్యం ఏ మాటకు చెందుతుందో తేల్చాలంటే, ఆ జోకు ఎవరితో, ఎవరిని అని రెండు ప్రశ్నలు వేయాలి. ఒక చిన్న జోకును దగ్గరగా చూద్దాం. ఇద్దరు మిత్రులు గంటసేపు వాదించుకున్నారు. ఆస్తికుడు ఎంతకీ ఒప్పుకోకపోయేసరికి నాస్తికుడు విసిగిపోయి, 'దేవుడి మీద ఒట్టు, దేవుడు లేడు!' అన్నాడు. ఒట్టుకు సాక్షి కావాలి. సాక్షిగా ఎవరిని పిలిచాడో ఆయన లేడని సాక్ష్యం చెప్పమంటున్నాడు. వాక్యం సగం దూరం నడిచి తన కాలికి తానే అడ్డం పడింది. ఇందులో దేవుడికి తగిలిన దెబ్బేమీ లేదు. భక్తుడికీ లేదు. తగిలితే, తాను ఎంత హేతువాది అయినా నాలుక మాత్రం తాతముత్తాతల దగ్గర నేర్చుకున్నదేనని తెలిసిపోయిన ఆ నాస్తికుడికే తగలాలి. ఈ జోకుకు ఆస్తికుడూ నవ్వుతాడు. ఇది నూటికి నూరుపాళ్ళు పరిహాసం. 'దేవుడి దయవల్ల నేను నాస్తికుణ్ణి' అనేది కూడా ఈ జాతిదే.

ఇప్పుడు ఇంకో రకం. నాస్తికుడనే మాట పాణిని నాటికే ఉంది. 'అస్తినాస్తిదిష్టం మతిః' అనే సూత్రం (4.4.60) ఆ మాటను సాధిస్తుంది. లేదు అనే బుద్ధి గలవాడు నాస్తికుడు. ఏది లేదు? పరలోకం లేదు అని పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి వివరణ. మనుస్మృతిలోనైతే 'నాస్తికో వేదనిందకః' (2.11), వేదాన్ని నిందించేవాడు. ఈశ్వరుడు లేడనేవాడనే ఈనాటి అర్థం వీటి పక్కన తరువాత బలపడింది. అందుకే పాత నాస్తికుల హాస్యంలో గురి దేవుడి మీద కన్నా పరలోకం మీద, యజ్ఞం మీద, శ్రాద్ధం మీద ఎక్కువ. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు సంకలనం చేసిన సర్వదర్శనసంగ్రహంలో మొదటి ప్రకరణమే చార్వాకుల మతం. అందులోని ఒక శ్లోకం భావం ఇది: యజ్ఞంలో చంపిన పశువు స్వర్గానికి పోతుందంటే, యజమాని తన కన్నతండ్రినే ఎందుకు చంపుకోడు? (ఇక్కడ యజమాని అంటే యజ్ఞం చేసేవాడు. ఆస్తికి సొంతదారు అనే అర్థం తరువాతిది.) ఇంకొకటి: ఇక్కడ పెట్టిన శ్రాద్ధంతో చనిపోయినవాళ్ళ ఆకలి తీరుతుందంటే, ప్రయాణమై పోయేవాళ్ళకు దారిబత్తెం కట్టి ఇవ్వడం దేనికి? ఇంట్లో వాళ్ళ పేరు చెప్పి పెడితే సరిపోతుంది కదా!

నేను చదువుకునే రోజుల్లో ఈ శ్లోకాలు చెప్పిన మాస్టారు సంధ్యావందనం ఒక్కపూట కూడా మాననివారు. దారిబత్తెం శ్లోకం దగ్గరికి రాగానే కళ్ళజోడు తీసి పక్కన పెట్టి పడీపడీ నవ్వేవారు. 'ముందు నవ్వండి, తరువాత జవాబు చెప్పుకుందాం' అనేవారు. జవాబు రెండు రోజులు చెప్పారు. చార్వాకుడంటే చారువాక్కు, అందమైన మాట గలవాడు అనే వ్యుత్పత్తిని ఆయన అంత నవ్వులోనూ మరిచిపోకుండా చెప్పేవారు. 'చర్వ్' ధాతువు నుంచి వచ్చిందనీ, నమిలేవాడు అని అర్థమనీ చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆయనకు మాత్రం మొదటిదే ఇష్టం.

మరి ఈ శ్లోకాలను పరిహాసం అనవచ్చా? నేను అనను. పరిహాసం ఆడినవాడు 'నిజమని పట్టుకోవద్దు' అనగలడని పైన చెప్పాను. చార్వాకుడు అలా అనడు. 'నిజమే, పట్టుకో, జవాబు చెప్పు' అంటాడు. నవ్వు వెనక వాదం ఉంది, వాదం వెనక మనిషి నిలబడి ఉన్నాడు. అలాగని అది అపహాస్యం కూడా కాదు, ఎందుకంటే గురి మనిషి కాదు, నమ్మకం. దీనికి తెలుగు విమర్శలో మంచి మాట ఒకటి సిద్ధంగా ఉంది: అధిక్షేపం. అధిక్షేప శతకాలు అని మనకు ఒక శాఖే ఉంది. క్షేపమంటే విసరడం. ఏదో ఒక గురికి విసిరే నవ్వు అధిక్షేపం. మీ మిత్రుల జోకుల్లో ఈ జాతివి ఉంటే, వాటిని పరిహాసాలంటే తక్కువ చేసినట్టు, అపహాస్యాలంటే అన్యాయం చేసినట్టు.

పెద్దాయన మాట దగ్గరికి వద్దాం. దేవుణ్ణి వెక్కిరించడం దూషణే అయితే మన భక్తకవులు ఎక్కడికి పోవాలి? నిందాస్తుతి అని వాళ్ళదొక గొప్ప సంప్రదాయం. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి (కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో వెలసిన విష్ణువును) పట్టుకొని ఆడిన సీసపద్యం తెలుగు చదువుకున్న చాలామందికి తెలుసు. భారమంతా మోసేది భార్య భూదేవి, అఖిలభారకుడన్న పేరు నీకు. కోరినవి ఇచ్చేది లక్ష్మి, ఘనత నీకు. సృష్టి చేసేది కొడుకు బ్రహ్మ, పాపాలు కడిగేది కూతురు గంగ. ఆలుబిడ్డలు తెచ్చిన పేరే కాని, మొదటి నుంచీ 'నీవు దామోదరుడవు'! దామోదరుడంటే పొట్టకు తాడు కట్టించుకున్నవాడు. నీ సొంత ఆస్తి ఆ తాడే అని ధ్వని. ఏ నాస్తికుడూ ఇంతకన్నా గట్టిగా అనలేడు.

అయినా ఇది భక్తి, అది నాస్తికం. తేడా ఎక్కడుంది? పద్యంలోని ఒక్క మాటలో ఉంది: 'నీవు'. భక్తుడు దేవుణ్ణి మధ్యమపురుషలో తిడతాడు. ఎదురుగా నిలబెట్టి, చెయ్యి పట్టుకొని నిలదీస్తాడు. వినేవాడు ఒకడున్నాడన్న ధీమా లేకపోతే ఆ తిట్టు పుట్టదు. నాస్తికుడికి ఆ 'నీవు' లేదు. అతని హాస్యంలో దేవుడు ఎప్పుడూ ప్రథమపురుషే: ఆయన, వాడు, దేవుడట. ఆ 'అట' కూడా గమనించదగ్గదే. 'దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడు' అనే వాక్యానికి నాస్తికుడు ఒక్క 'ట' చేర్చి 'చేశాడట' అంటాడు. తాను చూడలేదు, ఎవరో చెప్పారు, పూచీ తనది కాదు అని ఆ ఒక్క అక్షరంతో చెప్పేశాడు. ఒక్క అక్షరం చేర్చి ఇంత చెప్పడానికి వీలిచ్చే భాష మనది. ఈ 'ట' గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

దూషణకు కర్మ కావాలి, ఫలానావారిని దూషించాడు అని. దేవుడే లేడనేవాడి దృష్టిలో ఆ కర్మస్థానం ఖాళీ. దైవదూషణ అనే మాటలో ఆస్తికుడి దృష్టి ముందే దాగి ఉంది. తెలుగు బైబిలులో 'దేవదూషణ' అనే మాట వస్తుంది, అక్కడ అన్నవాళ్ళు విశ్వాసులు కాబట్టి అది పూర్తిగా తగిన మాట. మీ వ్యాసంలో 'కొందరు దీన్ని దైవదూషణగా భావించారు' అని రాయవచ్చు. మీ సొంత గొంతుతో 'వీళ్ళు దైవదూషణ చేస్తున్నారు' అని రాస్తే మీరు వర్ణించడం మాని తీర్పు చెప్పినట్టు. శాస్త్రచర్చల్లో దూషణమంటే ఎదుటివాడి వాదంలో దోషం చూపడం. ఆ అర్థంలో చార్వాకులది దూషణమే, కాని ఈనాటి పాఠకుడికి ఆ అర్థం అందదు.

సంపాదకుడి మాటకూ చోటుంది, అది లేదనడం తగదు. ఆసుపత్రి వరండాలో బిడ్డ కోసం కళ్ళు మూసుకొని చేతులు జోడించిన తల్లిని చూసి, 'డాక్టరు లోపల ఉన్నాడమ్మా, పైన కాదు' అని ఒకడు నవ్వాడనుకోండి. జోకుగా అది చక్కగానే అమరింది. ఆ తల్లి అందులో ఆడటం లేదు. అది అపహాస్యం. ఎగతాళి అన్నా సరే. ఇదే మాట నలుగురు నాస్తికులు తమలో తాము అనుకుంటే పరిహాసమైపోయేది. మాట మారలేదు, విభక్తి మారింది. అందుకే ఏ జోకునూ ఒంటరిగా చూసి పేరు పెట్టకండి. చెప్పినవాడు, విన్నవాడు, ఎదురుగా ఉన్నవాడు, ముగ్గురినీ చూడండి. మీరు రాసినదాన్ని బట్టి మీ శీర్షిక సరైనదే. వాదానికి దిగే జోకులున్న చోట మాత్రం వ్యాసంలో 'అధిక్షేపం' వాడండి.

రెండో సందేహానికి జవాబు చిన్నది. దోషం కాదు. 'దేవుడి దయవల్ల' అనేది ఎందరి నోటనో 'అదృష్టవశాత్తు'కు పర్యాయంగా మారిపోయింది. 'అది దేవుడికే తెలియాలి' అంటే ఎవరికీ తెలియదనే అర్థం. 'లాభం దేవుడెరుగు, అసలు వస్తే చాలు' అన్నప్పుడు దేవుడు ఏదీ ఎరగనక్కరలేదు, లాభం మాట అటుంచమని మాత్రమే. డబ్బు స్వాహా చేశాడు, శఠగోపం పెట్టాడు, ఉన్నదంతా గోవిందా అయింది: ఈ నుడికారాలను పుట్టించింది నాస్తికులు కాదు, హోమం చేసినవాళ్ళూ గుళ్ళో తల వంచినవాళ్ళూనే. వాటిని నాస్తికుడు నిశ్చింతగా వాడుకోవచ్చు. రాతలో ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: 'మాట అటుంచు' అనే అర్థంలో 'దేవుడెరుగు' అని కలిపి, చివర 'ను' లేకుండా రాయండి. 'దేవుడెరుగును' అని రాస్తే ఆ అర్థం పోయి, దేవుణ్ణి నిజంగానే సాక్షిగా పిలిచినట్టవుతుంది.