ఏ చేతికి ఏ మౌస్? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గోదావరి డెల్టా ఊళ్ల నుంచి మౌస్ గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఎక్కువమంది ముందుగా అడిగింది డీపీఐ (మౌస్ ఒక అంగుళం కదిపితే పాయింటర్ ఎన్ని చుక్కలు జరుగుతుందో చెప్పే అంకె) ఎంత ఉండాలనే. అది ఆఖర్న చూడాల్సిన అంకె. మౌస్ దేని మీద తిరుగుతుంది, మీ చెయ్యి ఎంత పొడవు, సిగ్నల్ దారిలో ఏముంది, గదిలో తేమ ఎంత? ముందు ఇవి తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

ప్రశ్న: శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కి ఊరొస్తానండి, ఆదివారం మళ్లీ తిరుగు ప్రయాణం. రైల్లోనూ, ఇంటి దగ్గర మంచం మీదా ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎక్సెల్ పని చెయ్యాలి. టచ్‌ప్యాడ్‌తో అవ్వట్లేదు. బ్లూటూత్ మౌస్ కొనాలా, డాంగిల్ మౌసా? (ఉద్యోగి, నరసాపురం)

జవాబు: బ్లూటూత్, డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్) రెండు దారుల్లోనూ పనిచేసే మౌస్‌లు వస్తున్నాయి, మీకు అదే సరైనది. రోజువారీ పని బ్లూటూత్‌తో కానివ్వండి. ల్యాప్‌టాప్‌కి ఏమీ గుచ్చక్కర్లేదు కాబట్టి బ్యాగులో తోసేటప్పుడు డాంగిల్ ఒత్తుకుని యూఎస్‌బీ పోర్టు వదులయ్యే భయం ఉండదు. కాకపోతే కాసేపు కదపకపోతే బ్లూటూత్ మౌస్ నిద్రలోకి పోతుంది, మళ్లీ కదిపితే లేవడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. బయోస్ తెరలోనూ (విండోస్ మొదలుకాక ముందు వచ్చే సెట్టింగ్స్), విండోస్ మళ్లీ ఎక్కించేటప్పుడూ సాధారణంగా అసలు పనిచెయ్యదు. డాంగిల్ అప్పుడు అక్కరకొస్తుంది.

డాంగిల్ దాచుకునే గూడు మౌస్‌లోనే ఉందో లేదో కొట్లో మూత తీసి చూడండి. డాంగిల్ పోతే చాలా రకాలకు విడిగా దొరకదు, డాంగిల్‌తో మాత్రమే నడిచే మౌస్ అయితే మొత్తం పారెయ్యాల్సిందే. లాజిటెక్ వాటిలో యూనిఫైయింగ్, బోల్ట్ అని రెండు రకాల డాంగిళ్లున్నాయి. ఒకదానితో వచ్చే మౌస్ రెండోదానికి కలవదు. పాత డాంగిల్ ఇంట్లో ఉంది కదా అని కొనెయ్యకండి.

బెర్తు మీద అసలు చిక్కు మౌస్ కింద ఏముందన్నది. అడుగున ఉన్న సెన్సర్ ఒక చిన్న కెమెరా. కింద గట్టి చదును ఉన్నప్పుడు ఉండే రెండు మూడు మిల్లీమీటర్ల దూరానికే దాని కటకం సరిచేసి ఉంటుంది. దుప్పటి మీద పెడితే మౌస్ ఒక పక్కకి దిగబడుతుంది, ముడత మీదికి ఎక్కితే ఆ దూరం మారిపోతుంది, పాయింటర్ వణుకుతుంది. పిల్లలు పరీక్షకి తీసుకెళ్లే రాత అట్ట ఒకటి బ్యాగులో పెట్టుకోండి. పైన నిగనిగలాడే ప్లాస్టిక్ పొర లేనిది చూడండి. అట్టని పక్కన సీటు మీద కాకుండా తొడకు ఆనించి పెట్టుకుంటే బండి ఊగినా చెయ్యీ అట్టా కలిసే ఊగుతాయి, గురి తప్పదు. అట్టకి కూడా చోటు లేని సైడ్ లోయర్‌లో అయితే బొటనవేలితో బంతి తిప్పే ట్రాక్‌బాల్ మేలు. అది ఉన్నచోటే ఉంటుంది. అలవాటు కావడానికి మాత్రం వారం పది రోజులు ఓపిక పట్టాలి.

క్లిక్ చప్పుడు కాని రకమే తీసుకోండి, రాత్రి పక్క బెర్తువాళ్లు నిద్రపోవాలి. బరువు 70 నుంచి 100 గ్రాముల మధ్య ఉంటే చాలు. జేబులో పట్టే చదును మౌస్ ప్రయాణానికి బాగుంటుంది, కానీ అరచేతికి ఆనుడు ఉండదు. రోజుకి ఎనిమిది గంటలు దాంతోనే పని చేస్తే వేళ్లు పీకుతాయి. ఇంటి దగ్గరకి వీపు ఎత్తుగా ఉన్నది ఇంకోటి ఉంచుకోండి. బ్యాగులో పెట్టేముందు అడుగున స్విచ్ ఆపడం మర్చిపోవద్దు.

ప్రశ్న: భీమవరంలో బీటెక్ చదువుతున్నాను సార్. వాలరెంట్ (తుపాకీ గురి చూసి కాల్చే కంప్యూటర్ ఆట) ఆడతాను. బడ్జెట్ రెండు వేలు. 25,600 డీపీఐ అని రాసిన మౌస్ ఒకటి అదే ధరకి వస్తోంది. తీసుకోనా? (విద్యార్థి, భీమవరం)

జవాబు: ఆ అంకె కోసం అయితే వద్దు. లెక్క మీరే చూడండి. మీ తెర వెడల్పు 1920 పిక్సెళ్లు అనుకుందాం. 800 డీపీఐ దగ్గర చెయ్యి 2.4 అంగుళాలు, అంటే 6 సెంటీమీటర్లు కదిపితే పాయింటర్ ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్తుంది. 1600 దగ్గర 3 సెంటీమీటర్లు. 25,600 దగ్గర 2 మిల్లీమీటర్లు కూడా కదపక్కర్లేదు. 2 మిల్లీమీటర్లలో తల మీద గురి పెట్టగల చెయ్యి ఎవరికుంటుంది?

ఆటలో పనికొచ్చే లెక్క ఇంకోటుంది. వాలరెంట్‌లో 800 డీపీఐ, సెన్సిటివిటీ (మౌస్ కదలికకి ఆటలో చూపు ఎంత తిరగాలో చెప్పే సెట్టింగ్) 0.3 పెడితే ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ సుమారు 54 సెంటీమీటర్లు నడవాలి. వెనక్కి తిరగడానికి 27. అంటే చిన్న ప్యాడ్ మీద ఈ సెట్టింగ్‌తో ఆడలేరు, మధ్యలో మౌస్ ఎత్తి పెట్టాల్సి వస్తుంది. రెండు వేలలో నాలుగైదు వందలు 45 × 40 సెంటీమీటర్ల గుడ్డ ప్యాడ్‌కి తీసిపెట్టండి. ఆ ఖర్చు ఏ డీపీఐ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. వానాకాలం గుడ్డ ప్యాడ్ తేమ పీల్చుకుని మౌస్‌ని పట్టేస్తుంది. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా షాంపూతో ఉతికి నీడలో పూర్తిగా ఆరబెట్టండి.

మౌస్‌లో చూడాల్సింది పోలింగ్ రేటు: మామూలు ఆఫీసు మౌస్ సెకనుకి 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకోసారి కబురు పంపుతుంది. ఆటకి 1000 సార్లు కావాలి, ఒక్క మిల్లీసెకను. 8000 అని రాసినవి మీ కంప్యూటర్ ప్రాసెసర్‌కి పని పెంచుతాయి, మామూలు మానిటర్ మీద తేడా మీ కంటికి ఆనదు. తర్వాత సైజు. మణికట్టు మడత నుంచి మధ్యవేలి కొస వరకు కొలవండి. అందులో అరవై శాతం మౌస్ పొడవు ఉంటే సుమారుగా సరిపోతుంది. 19 సెంటీమీటర్ల చేతికి 11.4. లాజిటెక్ జీ102 దాదాపు 11.7 సెంటీమీటర్లు, 85 గ్రాములు, వేళ్లు వంచి పట్టేవాళ్లకి అనువు. రేజర్ డెత్‌ఆడర్ ఎసెన్షియల్ 12.7 సెంటీమీటర్లు, 96 గ్రాములు, అరచెయ్యి మొత్తం ఆనించే పెద్ద చేతికి నప్పుతుంది. రెండూ వైరువే. ఈ ధరలో వైరే నమ్మకం. పేరు లేని వైర్‌లెస్ గేమింగ్ మౌస్‌ల పెట్టె మీద పెద్ద డీపీఐ చాలాసార్లు సెన్సర్ నిజంగా చదివింది కాదు, మధ్య చుక్కలు ఊహించి పెంచింది.

పైన రబ్బరు పూత ఉన్న మౌస్ మాత్రం మన దగ్గర తీసుకోవద్దు. కొన్నప్పుడు మెత్తగా బాగుంటుంది. చెమటకీ తేమకీ ఆ పూత కరిగినట్టయి రెండు మూడేళ్లలో జిగురు తేలుతుంది, మళ్లీ మామూలవదు. గరుకు ప్లాస్టిక్‌దే తీసుకోండి.

తెచ్చాక విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ దగ్గర టిక్ తీసెయ్యండి. అది ఉంటే అదే దూరానికి మెల్లగా కదిపితే ఒకలా, గబుక్కున కదిపితే ఇంకోలా పాయింటర్ పోతుంది. డెస్క్‌టాప్ మీదే కాదు, పాత ఆటల్లోనూ చేతికి దూరం అలవాటు కాకుండా చేసేది ఇదే.

ప్రశ్న: మాది డీటీపీ, ఆన్‌లైన్ సెంటర్ అండి, కాలవ గట్టు మీదే కొట్టు. ఏ మౌస్ తెచ్చినా ఏడాది తిరక్కుండా ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు పడుతున్నాయి. దరఖాస్తులు రెండుసార్లు వెళ్లిపోతున్నాయి. (అమలాపురం)

జవాబు: ఎడమ బటన్ కింద ఉన్న మైక్రోస్విచ్ అరిగిందన్నమాట. గోరంత నల్ల డబ్బా అది. లోపల సన్నటి రాగి మిశ్రమం పట్టీ వంగి ఉంటుంది, నొక్కగానే టక్కున కిందికి పడి అడుగు బిందువుని తాకుతుంది. తాకేటప్పుడు ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లు చిన్నగా ఎగురుతుంది, ఆ ఎగుళ్లని మౌస్‌లోని చిప్ లెక్కలోకి తీసుకోదు. తాకే చోట చిలుము పట్టినా, పట్టీ బిగువు తగ్గినా ఎగుళ్లు చిప్ ఓపిక పట్టే సమయాన్ని దాటిపోతాయి. అప్పుడు ఒక నొక్కు రెండుగా నమోదవుతుంది. కాలవ పక్క తేమ, కోనసీమ ఉప్పుగాలి ఆ చిలుముని తొందరపెడతాయి. పైగా మౌస్‌లో పారే కరెంటు చాలా తక్కువ, చిలుము పొరని కాల్చేసేంత ఉండదు.

ఖాయం చేసుకోవడానికి ఒక ఫైల్‌ని పట్టి తెర మీద మెల్లగా నాలుగైదు చుట్లు లాగండి. మధ్యలో జారిపోతే స్విచ్‌దే తప్పు. జారకుండా ఉంటే సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వేగం, ఫోల్డర్ ఒక్క క్లిక్‌తో తెరుచుకునే ఆప్షన్ చూడండి.

గ్యారంటీ ఉంటే విప్పకుండా మార్చుకోండి. లేకపోతే వైరు పీకి, అడుగు స్టిక్కర్ కిందా పాదాల కిందా ఉన్న స్క్రూలు తీసి మూత లేపండి. స్విచ్ మీది చిన్న మీట పక్క సందులోకి కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ భాగాలు శుభ్రం చేసే స్ప్రే) ఒక్క చుక్క పడేలా కొట్టి, ముప్పై నలభై సార్లు నొక్కి, పావుగంట ఆరనివ్వండి. ఇది కొన్ని వారాలో నెలలో నడుస్తుంది, అంతే. శాశ్వతంగా కావాలంటే స్విచ్ మార్చాలి. మూడు కాళ్ల ఓమ్రాన్ డీ2ఎఫ్‌సీ రకం చాలా మౌస్‌లకి సరిపోతుంది, మొబైల్ రిపేరు చేసేవాళ్లు టంకం వేసి పెడతారు. తీసే ముందు మీట ఏ వైపుందో ఫోన్‌తో ఫొటో తీసుకోమనండి, తిప్పి వేస్తే బటన్ అందదు. ఆప్టికల్ స్విచ్ (నొక్కుని కాంతితో గుర్తించే రకం) దాని స్థానంలో కూర్చోదు, దానికి బోర్డే వేరు.

కొత్తది కొనేటప్పుడు మీ పనికి 1000 డీపీఐ, మూడు బటన్లు, వైరు ఉన్న మామూలు మౌస్ చాలు. డెల్ ఎంఎస్116 లాంటిది. రెండు కొని ఒకటి డ్రాయర్లో ఉంచండి. అవతల జనం నిలబడి ఉండగా మౌస్ మొరాయిస్తే, సెట్టింగ్స్‌లో ప్రైమరీ బటన్ ‘రైట్’ అని మార్చి కుడి బటన్‌తో ఆ రోజు గడిపెయ్యొచ్చు. దాని స్విచ్ పెద్దగా అరిగి ఉండదు.

ప్రశ్న: రైస్‌మిల్లు ఆఫీసులో ట్యాలీ చేస్తాను. వైర్‌లెస్ మౌస్ పాయింటర్ ఆగి ఆగి వెళ్తోంది, పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ తీసేటప్పుడు మరీనూ. చక్రం కిందికి తిప్పితే ఒక్కోసారి పేజీ పైకి పోతోంది. (అకౌంటెంట్, తణుకు)

జవాబు: ఇవి రెండు వేరు వేరు జబ్బులు. బ్యాకప్ అప్పుడే ఆగుతోందంటే డాంగిల్ పక్క పోర్టులో యూఎస్‌బీ 3.0 పెన్‌డ్రైవ్ ఉండి ఉంటుంది. యూఎస్‌బీ 3.0 డేటా పారేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే రేడియో రొద పుట్టిస్తుంది, మీ మౌస్ మాట్లాడేదీ అక్కడే. డాంగిల్‌ని సీపీయూ వెనక నుంచి తీసి అరమీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో బల్ల మీదికి తెచ్చి పెట్టండి. లేదా నీలం రంగు పోర్టుల నుంచి దూరంగా నల్లరంగు పోర్టులో పెట్టండి. సెల్లు మార్చేముందు ఈ పని చెయ్యండి.

చక్రం సంగతి ఊక దుమ్ము. చక్రం ఇరుసు చివర తిరుగుడుని లెక్కపెట్టే చిన్న భాగంలో రేకు బిందువులుంటాయి, వాటి మధ్య దుమ్ము చేరితే వెనక్కీ ముందుకీ తేడా తెలియదు. చక్రం సందులో గాలి కొట్టించి రెండు వైపులా గబగబా తిప్పండి. తగ్గకపోతే విప్పి ఆ భాగంలో క్లీనర్ చుక్క వెయ్యాలి. సాయంత్రం వెళ్లేటప్పుడు మౌస్ మీద గుడ్డ కప్పడం, వారానికోసారి అడుగు సెన్సర్ గుంతలో పొడి ఇయర్‌బడ్ తిప్పడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: కొత్త టేబుల్‌కి గాజు పలక వేయించాం. మౌస్ కదలట్లేదు. (గృహిణి, రామచంద్రపురం)

జవాబు: పారదర్శకమైన గాజు మీద సెన్సర్‌కి ఫొటో తీయడానికి గరుకు దొరకదు. ఏదైనా ప్యాడ్ వెయ్యండి, కాగితమైనా సరే. డార్క్‌ఫీల్డ్ సెన్సర్ ఉన్న లాజిటెక్ మౌస్‌లు కనీసం 4 మిల్లీమీటర్ల మందం గాజు మీద నడుస్తాయి గానీ, ప్యాడ్ ముందు ఆ ఖర్చు దండగ.

ప్రశ్న: రోజంతా బిల్లులు కొడతానండి. కుడి మణికట్టు లాగేస్తోంది. నిలువు మౌస్ కొంటే తగ్గుతుందా? (పాలకొల్లు)

జవాబు: కొనేముందు కొలవండి. కూర్చున్నప్పుడు మోచెయ్యి, మౌస్ ఒకే ఎత్తులో ఉండాలి. బల్ల ఎత్తుగా ఉంటే కుర్చీ పెంచి కాళ్ల కింద పీట వేసుకోండి. అంకెల కీలున్న పెద్ద కీబోర్డు వల్ల మౌస్ బాగా కుడికి పోతుంది, భుజం తెరుచుకుని ఉంటుంది. బిల్లులకి అంకెలు కావాలి కాబట్టి మౌస్‌ని ఎడమ చేతికి మార్చి చూడండి, రెండు వైపులా సమంగా ఉన్న మౌస్ అయితే చాలు. ఆ తర్వాత కూడా లాగుతుంటే నిలువు మౌస్. కరచాలనం చేసినట్టు పట్టుకుంటారు, ముంజేయి మెలిపడదు. కానీ సన్నటి గడులు నొక్కే పనిలో మొదట్లో గురి తగ్గుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా డాక్టర్ని చూడండి, అది మౌస్ మార్చి తేలే విషయం కాదు.

ప్రశ్న: మౌస్‌లో సెల్లు కారిపోయి తెల్లగా పేరుకుంది. బాగవుతుందా? (రాజోలు)

జవాబు: స్ప్రింగు విరగకపోతే అవుతుంది. ముందు సెల్ పేరు చదవండి. ఆల్కలైన్ అయితే కారింది క్షారం. వెనిగర్‌లో ముంచి పిండిన ఇయర్‌బడ్‌తో రుద్దండి. మామూలు చౌక జింక్ కార్బన్ సెల్ అయితే కారింది ఆమ్లం. నీళ్లలో కలిపిన వంటసోడాతో తుడవండి. రెండిటికీ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, స్ప్రింగు మెరిసేదాకా సన్న ఉప్పుకాగితంతో గీకి, ఒక రోజు ఆరనిచ్చి కొత్త సెల్ వెయ్యండి. చేతికి తొడుగు వేసుకోండి, ఆ పొడి కంట్లో పడకూడదు. నెల రోజులు వాడరంటే సెల్ తీసి పక్కన పెట్టండి. రోజూ వాడేవాళ్లకి రీచార్జి అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్లు మేలు. వాటి వోల్టేజి 1.2 కాబట్టి కొన్ని మౌస్‌లు చార్జి నిండుగా ఉన్నా తక్కువుందని చూపిస్తాయి, పట్టించుకోనక్కర్లేదు.